ఈ వారం ఏటీ రానేదు, ఏటీ పోనేదు

మా చర్చిలో ఆదివారం వాక్యానికి ముందు సాక్ష్యాల టైం ఉంటుంది. పది నిమిషాలని పేరు, ఇరవై అవుతుంది. ఆ వారం దేవుడు ఏ మేలు చేశాడో ఎవరికి వారు లేచి చెప్పాలి. చిన్నప్పటి నుంచి వింటున్నాను కదా, ఒకప్పుడు జ్వరం తగ్గింది, పొలంలో పాము అడ్డొచ్చి కూడా కరవకుండా పోయింది, కేరళ వెళ్ళిన కొడుకు రెండు నెలల తర్వాత ఫోన్ చేశాడు, ఇలాంటివే ఎక్కువ ఉండేవి. ఇప్పుడవి లేవని కాదు. కానీ బండి వచ్చింది, స్థలం రిజిస్ట్రేషన్ అయింది, స్లాబ్ పడింది, పాపకి లాప్‌టాప్ కొన్నాం అనే సాక్ష్యాలు బాగా పెరిగాయి. "దేవుడు మాకు పెద్ద టీవీ ఇచ్చాడు" అంటారు, అందరం స్తోత్రం అంటాం. ఆ టీవీకి ఇంకా పద్నాలుగు కిస్తీలున్నాయని ఎవరూ చెప్పరు. నాకు మాత్రం తెలుసు. ఆ కాగితాలు రాసింది నేనే కాబట్టి.

మాది పర్లాకిమిడి, గజపతి జిల్లా. 1936 ఏప్రిల్ 1 దాకా మద్రాసు ప్రెసిడెన్సీలో ఉన్న ఊరు, ఆ రోజు నుంచి ఒరిస్సా. మహేంద్రతనయ దాటి కాస్త ముందుకెళితే పాతపట్నం, అక్కడి నుంచి ఆంధ్రా. ఇంట్లో తెలుగు, బజార్లో ఒరియా, కొండ మీద నుంచి దిగిన సవర వాళ్ళతో సగం చేతులతో, సగం ఒరియాతో. బజార్లో ఫ్రిజ్‌లు, టీవీలు, వాషింగ్ మెషీన్లు అమ్మే షాపు ఒకదాంట్లో నేను పన్నెండేళ్ళుగా పని చేస్తున్నాను. మూడు భాషల్లోనూ "జీరో డౌన్ పేమెంట్" అనే మాట ఒకటే, దాన్ని ఎవరూ అనువాదం చేసుకోవాల్సిన పని లేదు.

అమ్మేవాడి వైపు నుంచి చూస్తే మనిషి ఆశ ఎలా పని చేస్తుందో బాగా తెలుస్తుంది. షాపులోకి వచ్చేటప్పుడు మనిషి దగ్గర ఒక లెక్క ఉంటుంది. నూట తొంభై లీటర్ల ఫ్రిజ్ చాలు, నలుగురమే కదా. నేను దాన్ని చూపిస్తాను, తలుపు తీస్తాను, కింద కూరగాయల ట్రే లాగి చూపిస్తాను, వాళ్ళకి నచ్చుతుంది. అప్పుడు ఏమీ మాట్లాడకుండా పక్కనున్న రెండు వందల అరవై లీటర్ల డబుల్ డోర్ తలుపు కూడా తీసి అలా వదిలేస్తాను. అంతే. నెలకి మూడు వందలే తేడా అని తర్వాత చెప్తాను. రెండు నిమిషాల కింద సరిపోయింది ఇప్పుడు చాలదు. ఫ్రిజ్ చిన్నదైపోలేదు, ఇంట్లో మనుషులు పెరగలేదు, పక్క తలుపు తెరుచుకుంది, అంతే జరిగింది. ఈ పని నేను ఎన్ని వందల సార్లు చేశానో లెక్క లేదు, ఇది తప్పని కూడా నాకు చాలా కాలం అనిపించలేదు. ఇప్పటికీ పూర్తిగా తప్పని అనను. నా జీతం దాని మీదే.

నా పక్క తలుపు తెరిచింది మా తోడల్లుడు.

ఆయన విశాఖలో ఉంటారు. మంచి మనిషి, గొప్పలు చెప్పుకునే రకం కూడా కాదు. 2022 సంక్రాంతికి అత్తారింటికి కారులో దిగారు, మేము బస్సులో దిగాం, మా ఆవిడ చేతిలో రెండు సంచులు, నా చంకలో నిద్రపోతున్న పిల్లాడు. ఎవరూ ఒక్క మాట అనలేదు. అత్తగారు ఇద్దరికీ ఒకేలా అరిసెలు పెట్టారు. కానీ ఆ మూడు రోజులూ కారు గుమ్మం ముందే ఉంది, నేను బయటికొచ్చినప్పుడల్లా కనపడింది. తిరిగొచ్చిన నాలుగు నెలలకి సెకండ్ హ్యాండ్ కారు కొన్నాను. నలభై ఎనిమిది కిస్తీలు. అవసరమా అంటే, మా ఇంటి నుంచి షాపుకి నడిస్తే పన్నెండు నిమిషాలు.

కొన్న మొదటి ఆదివారమే సాక్ష్యం చెప్పాను. దేవుడు మా కుటుంబాన్ని ఆశీర్వదించాడు, అడిగిన దానికంటే ఎక్కువ ఇచ్చాడు అన్నాను. గొంతు కూడా కొంచెం వణికింది, అది నటన కాదు, నిజంగానే సంతోషంగా ఉంది. పాస్టరుగారు బయటికొచ్చి కారు మీద చేయి పెట్టి ప్రార్థన చేశారు. వెనక అద్దం మీద ఎర్ర అక్షరాలతో వాక్యం అంటించాను: "నన్ను బలపరచువానియందే నేను సమస్తమును చేయగలను." మా వైపు ఆటోల మీద, షట్టర్ల మీద, పెళ్ళి కార్డుల మీద ఈ వాక్యం చాలా చోట్ల కనిపిస్తుంది.

ఆ తర్వాతి ఆదివారం మధ్యాహ్నం పక్కింటి కుర్రాడు సైకిల్ తిప్పుతూ కారు ఎడమ వైపు తలుపు మీద గీత పెట్టాడు. జానెడు గీత. నేను వాడి మీద ఎంత గట్టిగా అరిచానంటే, వాడు సైకిల్ అక్కడే పడేసి ఇంట్లోకి పారిపోయాడు, వాళ్ళమ్మ బయటికొచ్చి ఏమీ అనకుండా సైకిల్ లేపుకుని వెళ్ళిపోయింది. ఆవిడ ఒక్క మాట అన్నా నాకు కొంచెం బాగుండేది. ఆ కుర్రాడు అప్పటిదాకా రోజూ మా ఇంట్లో మా వాడితో కలిసి అన్నం తినేవాడు. ఆ తర్వాత దాదాపు నెల్లాళ్ళు మా గుమ్మం ఎక్కలేదు. వారం కిందట దేవుడిచ్చాడని చెప్పిన వస్తువు కోసం, దేవుడు పంపిస్తే అన్నానికి వచ్చిన పిల్లాడిని తరిమేశాను. ఈ మాట ఆ రోజు తోచలేదు. ఆ రోజు పెయింట్‌కి ఎంతవుతుందా అని మాత్రమే తోచింది.

ఇప్పుడు వెనక బెంచీ మామ్మ గురించి చెప్పాలి.

మామ్మకి డెబ్భై దాటుంటాయి. అడ్డాకులతో విస్తళ్ళు కుడుతుంది. సంతకి కొండ మీద నుంచి వచ్చిన ఆకు కట్టలు కొనుక్కుని, గుమ్మంలో కూర్చుని సన్నగా చీల్చిన పుల్లలతో ఆకుకి ఆకు కలిపి గుచ్చుతుంది. చేతుల వైపు చూడను కూడా చూడదు, మనతో మాట్లాడుతూనే ఉంటుంది, పుల్ల గుచ్చి, పుటుక్కున విరిచి, మళ్ళీ గుచ్చి, విస్తరి గుండ్రంగా తిరిగిపోతుంది. కాగితం ప్లేట్లు వచ్చాక బేరం పడిపోయింది, పెళ్ళిళ్ళకి అడిగేవాళ్ళు తగ్గారు. కొడుకు కేరళలో పని చేస్తాడు, డబ్బు పంపిస్తాడు. ఆవిడ సాక్ష్యం చెప్పగా నేను అప్పటిదాకా వినలేదు.

కారు వచ్చిన కొన్ని నెలలకి ఒక ఆదివారం సాక్ష్యాలకి ఎవరూ లేవలేదు. అప్పుడప్పుడూ అలా జరుగుతుంది, పాస్టరుగారు అటూ ఇటూ చూస్తారు, ఎవరో ఒకరిని పేరు పెట్టి లేపుతారు. ఆ రోజు మామ్మని లేపారు. ఆవిడ బెంచీ పట్టుకుని లేచి, కొంగు సర్దుకుని, ఇలా అంది: "ఏటి సెప్తాను బాబూ. ఈ వారం ఏటీ రానేదు, ఏటీ పోనేదు. దేవుడున్నాడు, నానున్నాను." కూర్చుంది.

ఒకరిద్దరు నవ్వారు. నేనూ నవ్వాను. స్తోత్రం అనాలో వద్దో ఎవరికీ తెలియలేదు, ఆ మాటకి చప్పట్లు ఎక్కడ కొట్టాలో అర్థం కాలేదు. పాస్టరుగారు కూడా ఒక్క క్షణం ఆగి పాటకి వెళ్ళిపోయారు. ఇంటికెళ్ళాక అన్నం తింటూ మా ఆవిడతో, మామ్మ భలే చెప్పింది కదా అన్నాను. ఆవిడ, "మీరైతే ఏమీ రాని వారం ఏం చెప్తారు?" అంది. మామూలుగానే అడిగింది, దెప్పిపొడవడానికి కాదు. నా దగ్గర జవాబు లేదు.

నిజంగా లేదు. తర్వాత చాలా రోజులు ఆలోచించాను. నేను దేవుడికి కృతజ్ఞత చెప్పిన ప్రతిసారీ చేతిలో ఒక వస్తువుంది. జీతం పెరిగింది, స్తోత్రం. కారు వచ్చింది, స్తోత్రం. డెలివరీ అందాక సంతకం పెట్టినట్టు. డెలివరీ లేని రోజున ఆయనతో నాకు మాటల్లేవు, ఉంటే గింటే ఆర్డరు ఎక్కడిదాకా వచ్చిందని అడగడం. పొద్దున్నే "యెహోవా నా కాపరి, నాకు లేమి కలుగదు" అని పిల్లల చేత చదివించి, తొమ్మిదింటికి షాపు షట్టర్ లేపి, పది మందికి వాళ్ళకి ఏం లేమి ఉందో చూపించడం నా ఉద్యోగం. చూపించి చూపించి నాకూ అంటుకుంది.

కారు మీది వాక్యం సంగతికి వస్తాను. ఒక రోజు కారు తుడుస్తూ ఆ వాక్యానికి ముందు ఏముందో అని బైబిల్లో ఫిలిప్పీయులకు రాసిన పత్రిక, అంటే ఫిలిప్పీ సంఘానికి అపొస్తలుడు పౌలు రాసిన ఉత్తరం, నాలుగో అధ్యాయం తీశాను. సిగ్గేసింది. ముప్పై ఏళ్ళ నుంచి ఆ వచనం నోటికొచ్చు, దాని పైవి ఎప్పుడూ దానితో కలిపి చదవలేదు. పౌలు జైల్లో ఉండి రాస్తున్నాడు. ఫిలిప్పీ సంఘం వాళ్ళు ఎపఫ్రొదితు అనే మనిషి చేతికిచ్చి ఏవో పంపించారు, వాటికి థాంక్స్ చెప్తున్నాడు. చెప్తూ అంటాడు, "నేనేస్థితిలో ఉన్నను ఆ స్థితిలో సంతృప్తి కలిగియుండ నేర్చుకొని యున్నాను." కడుపు నిండి ఉండడానికీ ఆకలితో ఉండడానికీ, సమృద్ధికీ లేమికీ నేర్చుకున్నానంటాడు. ఆ తర్వాతే వస్తుంది "సమస్తమును చేయగలను" అనేది. అంటే ఏం చేయగలడు? కారు కొనగలడని కాదు. కారు లేకుండా ఉండగలడు, ఉన్నా ఉండగలడు, అదీ సమస్తం. నేను లేకుండా ఉండలేక కొన్న వస్తువు వెనక ఆ వాక్యాన్ని ఎర్ర అక్షరాలతో అంటించి ఊరంతా తిప్పుతున్నాను.

ఆ రెండు వచనాల్లోనూ నాకు పట్టుకున్న మాట "నేర్చుకొని". తృప్తి కొందరికి పుట్టుకతో వస్తుందని, మామ్మ లాంటివాళ్ళకి అలవాటైపోయిందని, మనకి రాలేదు గనక మనం ఆశపోతులమని అనుకునేవాడిని. పౌలు నేర్చుకున్నానంటున్నాడు. అంటే ఒకప్పుడు రాదన్నమాట. టైం పట్టిందన్నమాట, తప్పులు చేసి ఉంటాడన్నమాట. ఈ ఒక్క మాట నాకు పది ప్రసంగాల కంటే ధైర్యం ఇచ్చింది.

లూకా సువార్త 12వ అధ్యాయంలో యేసు చెప్పిన ధనవంతుడి కథ కూడా నేను షాపులో కూర్చునే అర్థం చేసుకున్నాను. కథ మొదలయ్యేదే ఆస్తి తగాదాతో, పిత్రార్జితంలో నా వాటా ఇమ్మని మా అన్నకి చెప్పండి అని గుంపులోంచి ఒకడు యేసును అడుగుతాడు. (ఈ మనిషి మా బంధువుల్లో కనీసం ముగ్గురున్నారు.) ఆయన వాటా సంగతి పట్టించుకోకుండా, "ఒకని కలిమి విస్తరించుట వాని జీవమునకు మూలము కాదు" అని, పంట బాగా పండిన ధనవంతుడి కథ చెప్తాడు. వాడు దొంగ కాదు, ఎవరినీ మోసం చేసినట్టు లేదు. భూమి బాగా పండింది, పెట్టడానికి చోటు లేదు, అప్పుడు వాడికి వచ్చిన ఆలోచన, ఉన్న కొట్లు విప్పి వాటికంటే గొప్పవి కట్టడం. ఇది మేము దసరాకి పెట్టే ఎక్స్‌ఛేంజ్ ఆఫరే! పాతది తెచ్చి పెద్దది పట్టుకెళ్ళండి. ఆ మూడు వచనాల్లో వాడు నా పంట, నా కొట్లు, నా ధాన్యం, నా ఆస్తి, నా ప్రాణం అంటూనే ఉంటాడు. పక్కింటివాడు ఒక్కడు కూడా కథలో లేడు. చోటు చాలకపోతే పక్కవాడి గాదె ఖాళీగా ఉందేమో చూడొచ్చుగా, ఆ ఊసే రాదు. చివరికి మాట్లాడటానికి కూడా మనిషి దొరక్క తన ప్రాణంతోనే మాట్లాడుకుంటాడు, "ప్రాణమా, సుఖించుము" అని. ఆ రాత్రే పోతాడు. చావు కంటే ఆ ఒంటరితనమే నాకు ఎక్కువ భయం వేసింది. కారు దగ్గర నిలబడి ఆ కుర్రాడి మీద అరిచినప్పుడు నా చుట్టూ కూడా ఎవరూ లేరు.

అలాగని దాచుకోవడమే పాపమని నేను అనడం లేదు, ఫ్రిజ్‌లు అమ్మేవాడు అంటే నవ్విపోతారు కూడా. మన్నా సంగతి చూడండి, అరణ్యంలో ఇశ్రాయేలీయులకి దేవుడు రోజూ ఇచ్చిన ఆహారం. రేపటికి ఉంచుకున్నవాళ్ళది పురుగు పట్టి కంపు కొట్టింది, అది అందరికీ తెలుసు. కానీ విశ్రాంతి దినానికి ముందు రోజు రెండింతలు కూర్చుకొమ్మన్నదీ ఆయనే, అది పాడవలేదు. దాచడంలో కాదు తేడా. రేపు ఆయన ఇవ్వడేమో అన్న భయంతో దాచింది కుళ్ళింది, ఆయన దాచమన్నది నిలిచింది. మా అమ్మ రోజూ ఎసట్లో బియ్యం పోసే ముందు ఒక పిడికెడు తీసి పక్క డబ్బాలో వేసేది, నెలాఖరుకి దాన్ని చర్చికి ఇచ్చేది. అదీ దాచడమే. మా ఇంట్లో బియ్యం తక్కువైన నెలలున్నాయి. ఆ పిడికెడు మాత్రం ముందు పక్కకి వెళ్ళేది, తర్వాతే ఎసరు.

తుఫాను గురించి చెప్పకపోతే మా ఊరివాడిని కాను. 2018 అక్టోబర్ 11 తెల్లవారుజామున తిత్లీ పలాస దగ్గర తీరం దాటి నేరుగా మా మీదకొచ్చింది. గజపతి జిల్లాలో కొండలు జారాయి, మనుషులు పోయారు, అటు ఉద్దానంలో కొబ్బరి, జీడి తోటలు నేలకొరిగాయి. మా వీధికి రోజుల తరబడి కరెంటు లేదు. నేను వీధిలో అమ్మిన ఫ్రిజ్‌లన్నీ బీరువాలైపోయాయి, ఎలుకలు కొట్టకుండా ఒకరు కందిపప్పు పెట్టుకున్నారు, ఇంకొకరు స్కూలు సర్టిఫికెట్లు పెట్టుకున్నారు. సాయంత్రమైతే అందరం అరుగుల మీద, ఎవరింట్లో పొయ్యి వెలిగితే వాళ్ళింట్లో టీ. ఇలాంటప్పుడు ప్రసంగాల్లో ఏం చెప్తారో మీకు తెలుసు, వస్తువులన్నీ వ్యర్థమని అందరికీ కళ్ళు తెరుచుకున్నాయని చెప్తారు. నేను చూసింది రాస్తాను. కళ్ళు తెరుచుకున్నాయి, నిజమే. క్రిస్మస్‌కి మళ్ళీ మూసుకున్నాయి. కరెంటు వచ్చి, పాడైన వస్తువుల బదులు కొత్తవి కొనుక్కోవడం మొదలయ్యాక ఆ డిసెంబర్ మా షాపులో మామూలు డిసెంబర్ కంటే ఎక్కువ అమ్మకాలు. సగం మంది అంతకుముందు దానికంటే పెద్దది తీసుకున్నారు. నాకూ ఇన్సెంటివ్ వచ్చింది, దాంతో నేను ఫోన్ మార్చాను. నష్టం దానంతటదే ఎవరికీ ఏమీ నేర్పదు. నేర్పేదైతే మా జిల్లాలో అందరం ఈపాటికి భక్తులమయ్యేవాళ్ళం, తుఫాన్లకి మాకేం కొరత లేదు.

పద్దెనిమిదో శతాబ్దంలో ఇంగ్లాండులో మెథడిస్టు ఉద్యమం నడిపిన బోధకుడు జాన్ వెస్లీ ఒక ప్రసంగంలో ఆక్స్‌ఫర్డ్‌లో ఉన్న ఒక యువకుడి లెక్క చెప్తాడు. ఆ యువకుడు ఆయనే అని చాలామంది అంటారు. ఏడాదికి 30 పౌండ్లు వస్తే 28తో బతికి 2 ఇచ్చేశాడు. మరుసటి ఏడు 60 వచ్చాయి, మళ్ళీ 28తోనే బతికి 32 ఇచ్చాడు. మూడో ఏడు 90, బతుకు 28, ఇచ్చింది 62. నాలుగో ఏడు 120, ఇచ్చింది 92. నాకు ఇందులో ఆ 92 కంటే కదలని ఆ 28 ఆశ్చర్యం. నేను షాపులో చేరినప్పుడు నా జీతం ఆరున్నర వేలు, ఇప్పుడు పంతొమ్మిది వేలు. ఆరున్నర వేలప్పుడు నెలాఖరుకి రెండు వందలు అప్పు చేసేవాడిని. పంతొమ్మిది వేలప్పుడు రెండు వేలు అప్పు చేస్తున్నాను. నా 28 ఎక్కడుందో నేను ఎప్పుడూ గీత గీసుకోలేదు, జీతం ఎక్కడిదాకా వస్తే గీత అక్కడిదాకా జరిగింది. ధరలు పెరిగాయి, పిల్లల ఫీజులున్నాయి, అవన్నీ నిజమే, వెస్లీకి అప్పటికి పెళ్ళి కాలేదు అని మా ఆవిడ కూడా గుర్తు చేసింది. అయినా ఒకరోజు రాత్రి ఇద్దరం కూర్చుని కాగితం మీద రాశాం, ఇంతైతే చాలు అని. ఆ అంకె ఇక్కడ చెప్పను. అనుకున్నదానికంటే చిన్నదే వచ్చింది, కారు తీసేస్తే ఇంకా చిన్నది.

ఇక్కడ ఒక మాట గట్టిగా చెప్పాలి. తృప్తి గురించిన వాక్యాలు ఎప్పుడూ కింద ఉన్నవాడికే చెప్తారు, అది నాకు ఒళ్ళుమంట. "అన్నవస్త్రములు గలవారమై యుండి వాటితో తృప్తిపొందియుందము" అని కూలి సరిగా అందని మనిషికి చదివి వినిపించడం కంటే పెద్ద మోసం లేదు. ఆ వచనంలో ముందు అన్నం ఉండాలి, వస్త్రం ఉండాలి. బైబిల్లో సామెతల గ్రంథంలో ఆగూరు అనే ఆయన చేసిన ప్రార్థన చూడండి, పేదరికం వద్దు, ఐశ్వర్యమూ వద్దు, తగినంత ఆహారం ఇవ్వమంటాడు, ఆకలి మంచిదని ఎక్కడా అనడు. యాకోబు పత్రికలో అయితే బిగపట్టిన కూలి మొర్రపెడుతోందని రాసి ఉంది. తృప్తి పాఠం చేతిలో డబ్బు ఉండీ చాలనివాడికి, అంటే నాలాంటివాడికి. మా వైపు కుర్రాళ్ళు సొంత ఊరు వదిలి కేరళకో బెంగళూరుకో పోయి ఇటుకలు మోసి తల్లికి ఫ్రిజ్ కొంటే, దాన్ని ధనాపేక్ష అని నేను అనను.

మామ్మ కొడుకు అదే చేశాడు. పోయిన ఏడాది ఏప్రిల్లో అక్కడి నుంచి నాకు ఫోన్ చేసి, అన్నా, మా అమ్మకి ఫ్రిజ్ పంపించు, డబ్బు మొత్తం ఒకేసారి వేస్తాను, కిస్తీ వద్దు అన్నాడు. పెద్దది తలుపు తీసి చూపించడానికి ఫోన్లో కుదరలేదు, అయినా చూపించేవాడిని కాదనుకోండి. చిన్నదే పంపించాం. ట్రాలీ ఆటోలో నేనూ వెళ్ళాను. మామ్మ గుమ్మంలో ఆకులు కుడుతోంది. పెట్టె చూసి, "దీంట్లో ఏటి పెడతానురా? వండింది వండినట్టు తింతాను, మిగిల్తే గంజి పోస్తాను" అంది. కొడుకు పంపాడు మామ్మా అంటే కాసేపు ఏమీ అనలేదు, తర్వాత కొంగుతో దాని తలుపు తుడిచింది, అప్పటికి దాని మీద దుమ్మేం లేదు. నేల ఎగుడుదిగుడుగా ఉంది, నాలుగు ఇటుకలు తెచ్చి కాళ్ళ కింద పెట్టి, నీళ్ళ గ్లాసు పైన పెట్టి సమంగా ఉందో లేదో చూసి వచ్చేశాం.

రెండు నెలల కింద మామ్మ షాపుకి కబురు పంపింది, ఫ్రిజ్ చల్లగా అవట్లేదని. నేనే వెళ్ళాను. తలుపు రబ్బరు చుట్టూ జిడ్డు, సరిగా మూసుకోవడం లేదు. మామ్మ ఒక్కర్తీ ఉండే ఇంట్లో రబ్బరుకి ఇంత జిడ్డెలా వచ్చిందా అని తలుపు తీస్తే, తలుపు వైపు అరలో ఇన్సులిన్ అట్టపెట్టె, మూడిళ్ళ అవతల ఉన్న మనిషిది, ఇదివరకు ఆయన కుండలో నీళ్ళ మీద పెట్టుకునేవాడట. పై అరలో వేరేవాళ్ళ పెరుగు గిన్నె. కింద ఎనిమిదో తొమ్మిదో నీళ్ళ సీసాలు, ఒక్కోదానికి ఒక్కో రంగు మూత, స్కూలు పిల్లలవి, సాయంత్రం ఆడొచ్చి ఎవరిది వాళ్ళు తీసుకుని తాగిపోతారట. మామ్మది అని చెప్పదగ్గది సగం కోసిన నిమ్మకాయ ఒకటి. "కరెంటు బిల్లు నానే కడతన్నాను, ఈళ్ళు తలుపు తీసి ఒగ్గీసి పోతారు" అని అందరినీ కలిపి తిట్టింది. తిడుతూనే, సల్లనీళ్ళు మాత్రం బాగుంటాయి, అలవాటైపోయింది అంది.

సబ్బునీళ్ళతో రబ్బరు కడిగి, గుడ్డతో తుడిచి, వేడి నీళ్ళ గుడ్డతో ఒక మూల సాగదీసి సరి చేశాను. కాగితం ముక్క తలుపు సందులో పెట్టి లాగితే పట్టుకుంది. మామ్మ ఎర్ర మూత సీసా తీసి నాకు నీళ్ళిచ్చింది, ఎవరి పిల్లాడిదో మరి.

వస్తుంటే అడిగింది, మీ షాపులో ఫ్రిజ్ కింద పెట్టే స్టాండు ఉంటుందట కదా, ఎంతట అని. ఉంటుంది. చక్రాలుంటాయి, అటూ ఇటూ జరుపుకోవచ్చు, మాకు స్టాండు మీద కమిషన్ కూడా ఉంది. ధర చెప్పాను. మామ్మ వంగి ఇటుకల వైపు చూసింది.

"ఇటికలు బాగానే ఉన్నాయి గదా?" అంది.

బాగానే ఉన్నాయి మామ్మా, అన్నాను.